రికార్డో జమోరా

రికార్డో జమోరా మార్టినెజ్ (జనవరి 21, 1901 - సెప్టెంబరు 8, 1978) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ గోల్‌కీపర్, శిక్షకుడు. ఎస్పాన్యోల్, బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ జట్ల తరఫున ఆడాడు. 1920 నుండి 1936 వరకు స్పెయిన్ జాతీయ జట్టు గోలును కాపాడాడు. అభిమానులు ఇతనిని "ఎల్ దివినో" అని పిలిచేవారు. ఈ స్పానిష్ మాటకు దివ్యుడు అని అర్థం. ఆట నుండి విరమించిన తరువాత అట్లెటికో అవియాసియోన్ జట్టుకు శిక్షకుడై, ఆ జట్టుకు వరుసగా రెండుసార్లు లీగ్ విజేత స్థానాన్ని సాధించిపెట్టాడు. ఇతని ఇంటిపేరును కాస్టిలియన్ ఉచ్చారణలో "థమోరా" అని పలుకుతారు.

బాల్యం, తొలి ఆటలు

జమోరా కాటలోనియా ప్రాంతానికి రాజధాని అయిన బార్సిలోనా నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు మాత్రం వలెన్సియా ప్రాంతం నుండి వచ్చినవారు. తండ్రి వైద్యుడు. కుమారుడు కూడా వైద్యవృత్తినే చేపట్టాలని ఆ కుటుంబం ఆశించింది. అయితే ఆ కాలంలో బార్సిలోనా యువకులను బంతి ఆట విశేషంగా ఆకర్షిస్తున్నది. జమోరా మనసు పుస్తకాలకంటె మైదానం మీదనే నిలిచింది. యూనివర్సితారి అనే చిన్న జట్టులో కొంతకాలం ఆడి, 1916లో, పదిహేనేళ్ల వయసులో, ఎస్పాన్యోల్ జట్టులో చేరాడు.

ఎస్పాన్యోల్, బార్సిలోనా జట్లు రెండూ ఒకే నగరానికి చెందినవి. రెండింటి మధ్య స్పర్ధ తీవ్రమైనది. క్లబ్బు నిర్వాహకులలో ఒకరితో వచ్చిన తగవు కారణంగా 1919లో జమోరా ఎస్పాన్యోల్‌ను వదిలి బార్సిలోనాలో చేరాడు. అక్కడ ఆంగ్లేయుడైన జాక్ గ్రీన్‌వెల్ శిక్షకుడు. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన పౌలీనో అల్కాంతరా, జోసెప్ సమితియేర్ వంటి మేటి ఆటగాళ్లు సహచరులు. ఈ జట్టుతో జమోరా వరుసగా మూడేళ్లు కాటలోనియా ప్రాంతీయ విజేతగా నిలిచాడు. 1920లో అథ్లెటిక్ బిల్బావోను 2-0తోను, 1922లో రియల్ యూనియోన్‌ను 5-1తోను ఓడించి రాజు పేరిట జరిగే జాతీయ కప్పును గెలిచిన జట్టులో ఇతను సభ్యుడు. 1922లోనే తిరిగి ఎస్పాన్యోల్‌కు వెళ్లిపోయాడు. ఇక్కడ సమితియేర్‌ను గుర్తుంచుకోవాలి. పదునాలుగేళ్ల తరువాత ఈ ఇద్దరు మిత్రులు మరొక దేశంలో, మరొక పరిస్థితిలో కలిశారు.

ఆంట్వెర్ప్ ఒలింపిక్స్

1920 ఆగస్టు 28న స్పెయిన్ జాతీయ జట్టు తన చరిత్రలోనే మొదటి పోటీ ఆడింది. బెల్జియంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆనాటి ప్రత్యర్థి డెన్మార్క్. స్పెయిన్ 1-0తో గెలిచింది. పంతొమ్మిదేళ్ల జమోరా ఆనాడు చూపిన ప్రతిభ వల్ల ఐరోపా అంతటా ఇతని పేరు తెలిసింది. తరువాతి ఆటలో బెల్జియం చేతిలో 3-1తో ఓడినా, అంతిమ పోటీలో చెకోస్లొవేకియా జట్టు రిఫరీ తీర్పులకు అలిగి మధ్యలోనే మైదానం వదలి వెళ్లిపోవడంతో, రెండవ స్థానం కోసం వేరుగా పోటీలు నిర్వహించవలసి వచ్చింది. స్వీడన్, ఇటలీ, నెదర్లాండ్స్ జట్లను వరుసగా ఓడించి స్పెయిన్ రజత పతకం పొందింది.

జమోరా సాధు స్వభావుడని చెప్పలేము. ఇటలీతో ఆడిన పోటీలో ప్రత్యర్థిని కొట్టి మైదానం నుండి బహిష్కరణకు గురయ్యాడు. ఇంటికి తిరిగివస్తూ దారిలో హవానా చుట్టలు సుంకం కట్టకుండా తరలించబోయి పట్టుబడ్డాడు. సిగరెట్లు విపరీతంగా కాల్చేవాడు. అతని ఆరాధకులు ఈ బలహీనతలను దాచలేదు సరికదా, వాటిని కూడా కథలుగా చెప్పుకున్నారు.

ఆటతీరు

ఆ రోజుల్లో గోల్‌కీపర్లకు ఇప్పటి రక్షణ లేదు. బంతి పట్టిన కీపర్‌ను ఎదుటి ఆటగాడు భుజంతో ఢీకొట్టి బంతితో సహా గోలులోకి నెట్టడం నియమాలకు లోబడిన పనే. అందుచేత బంతిని పట్టుకోవడం కంటె దూరంగా కొట్టడమే చాలామందికి సురక్షితంగా తోచేది. జమోరా పొడగరి, దృఢకాయుడు. ఎగిరి వచ్చే బంతిని మోచేతితో, ముంజేతితో బలంగా తరిమికొట్టే పద్ధతిని ఇతను అలవరచుకున్నాడు. దానికి ఇతని పేరుమీదనే "జమోరానా" అనే పేరు వచ్చింది. గుడ్డ టోపీ, మెడవరకు మూసే తెల్లని ఉన్ని చొక్కా ఇతని గుర్తులు. ఎండ కళ్లలో పడకుండా టోపీ, బలంగా తగిలే బంతులనుండి, దెబ్బలనుండి కాపాడుకొనడానికి మందపు చొక్కా పనికివచ్చేవి. క్రమంగా అవి వేషంగా మారి, పిల్లలు అనుకరించే వస్తువులయ్యాయి.

వృత్తి ఆటగాడుగా

స్పెయిన్‌లో 1926లో వృత్తి ఫుట్‌బాల్‌కు చట్టబద్ధత లభించింది. అంతకుముందు కూడా పేరున్న ఆటగాళ్లకు చాటుగా సొమ్ము ముట్టేది. జమోరా తన విలువ తనకు తెలిసిన మనిషి. అదే 1926లో ఎస్పాన్యోల్ జట్టు దక్షిణ అమెరికా దేశాలలో పర్యటించినపుడు ప్రేక్షకులలో అధికభాగం ఇతనిని చూడడానికే వచ్చారు. 1929 ఫిబ్రవరి 3న వలెన్సియాలో కుండపోత వర్షంలో జరిగిన కప్పు అంతిమ పోటీలో ఎస్పాన్యోల్ 2-1తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది. ఆ క్లబ్బుకు అది మొట్టమొదటి జాతీయ కప్పు. ఆ నెలలోనే స్పెయిన్ జాతీయ లీగ్ ప్రారంభమయింది.

1929 మే 15న మాడ్రిడ్‌లో ఇంగ్లాండ్ జట్టును స్పెయిన్ 4-3తో ఓడించింది. బ్రిటిష్ దీవుల వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లాండ్‌కు అదే మొదటి ఓటమి. మొదట 2-0తో వెనుకబడి, తిరిగి పుంజుకొని సాధించిన గెలుపు అది. రొమ్ము ఎముక విరిగినా జమోరా చివరివరకు ఆడాడని చెబుతారు. అయితే 1931 డిసెంబరులో లండన్‌లోని హైబరీ మైదానంలో ఇంగ్లాండ్ 7-1తో బదులు తీర్చుకున్నది. అంతకుముందు పొగడిన పత్రికలే ఇతనిని ఎగతాళి చేశాయి. ఇతని జీవిత కథలలో మొదటి పోటీ గురించి ఎంత వ్రాస్తారో రెండవదాని గురించి అంత తక్కువగా వ్రాస్తారు.

1930లో రియల్ మాడ్రిడ్ క్లబ్బు జమోరాను కొనుగోలు చేసింది. ఇందుకైన మొత్తం 1,50,000 పెసెతాలని ప్రసిద్ధి. ఆ కాలానికి అది స్పెయిన్‌లో కనివిని ఎరుగని ధర. మరుసటి ఏడాది రాచరికం కూలి గణతంత్రం ఏర్పడడంతో క్లబ్బు పేరులోని "రియల్" (రాజ) అనే మాట పోయి మాడ్రిడ్ మాత్రమే మిగిలింది. రాజు కప్పు కాస్తా అధ్యక్షుని కప్పు అయింది. 1931లో అలవేస్ జట్టు నుండి సిరియాకో, కింకోసెస్ అనే ఇద్దరు రక్షకులు వచ్చి చేరారు. జమోరా, సిరియాకో, కింకోసెస్ అనే మూడు పేర్లు స్పెయిన్‌లో ఒక్క ఊపిరిలో పలికే త్రయమైనాయి. 1931-32 లీగులో ఆడిన 18 పోటీలలో ఒక్కటీ ఓడకుండా మాడ్రిడ్ తొలిసారి విజేత అయింది. 1932-33లో మళ్లీ గెలిచింది. 1934లో కప్పు కూడా దక్కింది.

1934 ప్రపంచ కప్పు

ఇటలీలో ముస్సోలినీ పాలనలో జరిగిన ఈ ప్రపంచ కప్పులో స్పెయిన్‌కు జమోరా నాయకుడు. మే 27న జెనోవాలో బ్రెజిల్‌పై 3-1తో గెలిచిన పోటీలో వాల్డెమార్ డి బ్రిటో కొట్టిన పెనాల్టీని ఇతను ఆపాడు. మే 31న ఫ్లోరెన్స్‌లో ఆతిథ్య దేశమైన ఇటలీతో పోటీ. స్పెయిన్ ముందుగా గోలు చేసింది. ఇటలీ గోలు చేసి సమం చేసినపుడు ఆ జట్టు ఆటగాడు జమోరాను అడ్డగించాడని స్పెయిన్ ఆటగాళ్లు వాదించినా ఫలితం లేకపోయింది. అదనపు సమయం తరువాత కూడా 1-1గా మిగిలింది. ఆట అత్యంత మొరటుగా సాగింది. మరునాడే తిరిగి ఆడవలసి రాగా, గాయాలపాలైన జమోరాతో సహా ఏడుగురు స్పెయిన్ ఆటగాళ్లు బరిలోకి దిగలేకపోయారు. ఇటలీ 1-0తో గెలిచి, చివరకు కప్పునే గెలుచుకున్నది. జమోరా ఆడివుంటే ఫలితం మారేదా అన్న చర్చ స్పెయిన్‌లో చాలాకాలం సాగింది.

గణతంత్ర అధ్యక్షుడు నిసెతో అల్కలా-జమోరా అదే 1934లో ఇతనికి ప్రభుత్వ పురస్కారం ప్రదానం చేశాడు. ఇంటిపేర్లు కలిసినా ఇద్దరికీ బంధుత్వం లేదు. స్పెయిన్ అధ్యక్షుని పేరు విన్న స్టాలిన్, గోల్‌కీపర్‌నే అధ్యక్షుని చేశారనుకున్నాడని ఒక కథ ఉంది. అది కల్పన కావచ్చును గాని, జమోరా ఖ్యాతి ఎంతదూరం వ్యాపించిందో చెబుతుంది.

చివరి కప్పు, అంతర్యుద్ధం

1936 జూన్ 21న వలెన్సియాలోని మెస్తాయా మైదానంలో మాడ్రిడ్, బార్సిలోనా జట్లు కప్పు అంతిమ పోటీలో మొట్టమొదటిసారి తలపడ్డాయి. మాడ్రిడ్ 2-1 ఆధిక్యంలో ఉన్నా, గాయం కారణంగా పదిమందితో ఆడుతున్నది. ఆట ముగియబోతున్న సమయంలో బార్సిలోనాకు చెందిన జోసెప్ ఎస్కోలా దగ్గరనుండి నేలబారుగా బంతిని గోలు మూలకు కొట్టాడు. జమోరా ఆ వైపు దూకగానే గోలు ముందు దుమ్ము లేచింది. బంతి లోపలికి పోయిందనే ప్రేక్షకులు భావించారు. దుమ్ము అణగేసరికి బంతిని చేతిలో పట్టుకొని జమోరా నిలబడి ఉన్నాడు. స్పెయిన్‌లో ఇతను ఆడిన చివరి పెద్ద పోటీ ఇదే.

నెల తిరగకముందే, జూలై 1936లో, సైన్యంలో ఒక వర్గం గణతంత్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసింది. మాడ్రిడ్ నగరం గణతంత్ర పక్షం చేతిలో ఉన్నది. జమోరా రాజకీయ నాయకుడు కాడు. కాని సంప్రదాయ కాథలిక్ వర్గపు పత్రిక అయిన "యా"లో వ్యాసాలు వ్రాసి ఉండడంతో సాయుధ దళాల అనుమానానికి గురయ్యాడు. ఇతనిని చంపివేశారన్న వార్త వ్యాపించింది. ప్రత్యర్థుల క్రూరత్వానికి నిదర్శనంగా తిరుగుబాటుదారుల పక్షం ఆ వార్తను ప్రచారానికి వాడుకున్నది. నిజానికి ఇతను బ్రతికే ఉన్నాడు. తరువాత నిర్బంధించి మొదేలో కారాగారంలో ఉంచారు. ఆ కారాగారం నుండి ఖైదీలను తీసుకుపోయి కాల్చివేస్తున్న రోజులవి.

అక్కడ జమోరా ప్రాణం నిలవడానికి పెద్రో లూయిస్ దె గాల్వెజ్ అనే కవి కారకుడని చెబుతారు. దేశదిమ్మరిగా పేరుపడిన ఈ కవికి గణతంత్ర దళాలలో పలుకుబడి ఉండేది. ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, అతను కారాగారపు ఆవరణలో అందరి ఎదుట జమోరాను కౌగిలించుకొని, తన మిత్రుడని చాటి, ఇతనికి ఎవరూ హాని చేయరాదని ఆజ్ఞాపించాడు. కథలో అతిశయోక్తి ఎంతైనా ఉండవచ్చు. జమోరా మాత్రం సజీవంగా విడుదలై, అర్జెంటీనా రాయబార కార్యాలయపు రక్షణ పొంది, ఓడలో ఫ్రాన్స్ చేరుకున్నాడు. గాల్వెజ్‌కు ఆ అదృష్టం లేదు. యుద్ధం ముగిశాక విజేతలైన ఫ్రాంకో పక్షం వారు అతనిని 1940లో కాల్చి చంపారు.

ఫ్రాన్స్‌లో జమోరా నీస్ జట్టులో చేరాడు. తనవలెనే స్పెయిన్ వదిలివచ్చిన సమితియేర్ అక్కడ మళ్లీ సహచరుడయ్యాడు. 1938లో ఆటనుండి విరమించాడు. అదే ఏడాది డిసెంబరులో స్పెయిన్‌కు తిరిగివచ్చి, ఫ్రాంకో సైనికుల సహాయార్థం జరిగిన ఒక ప్రదర్శన పోటీలో ఆడాడు. గణతంత్రం చేత సన్మానం, గణతంత్ర దళాల చేత చెర, ఆ గణతంత్రాన్ని కూల్చినవారి కోసం ఆట, అన్నీ నాలుగైదేళ్లలోనే జరిగాయి. 1950 దశకంలో ఫ్రాంకో ప్రభుత్వం కూడా ఇతనికి సిస్నెరోస్ పేరిట ఉన్న పురస్కారాన్ని ఇచ్చింది.

శిక్షకుడుగా

1939 అక్టోబరులో మాడ్రిడ్‌కు చెందిన అథ్లెటిక్ క్లబ్బు, వైమానిక దళానికి చెందిన అవియాసియోన్ జట్టు విలీనమైనాయి. యుద్ధంలో అథ్లెటిక్ క్లబ్బు పలువురు ఆటగాళ్లను కోల్పోయింది. వైమానిక దళానికి మనుషులు, వాహనాలు, పలుకుబడి ఉన్నాయి. కొత్త జట్టుకు జమోరా శిక్షకుడయ్యాడు. మొదట జట్టుకు అగ్రశ్రేణి లీగులో స్థానమే లేదు. యుద్ధంలో మైదానం ధ్వంసమైన ఒవియేదో జట్టు ఆ ఏడాది ఆడలేకపోవడంతో, ఆ ఖాళీ కోసం ఒసాసునాతో ప్రత్యేక పోటీ జరిగింది. దానిని 3-1తో గెలిచి, అవియాసియోన్ జట్టు లీగులో అడుగుపెట్టింది. దొడ్డిదారిన వచ్చినట్లే అనిపించే ఈ జట్టు 1939-40 లీగులో చివరి రోజున వలెన్సియాపై గెలిచి, డ్రాతో సరిపెట్టుకున్న సెవిల్లాను ఒక్క పాయింటు తేడాతో వెనుకకు నెట్టి విజేత అయింది. క్లబ్బు చరిత్రలో అది తొలి లీగ్ విజయం. 1940-41లో తిరిగి గెలిచింది. విదేశీ పేర్లపై ప్రభుత్వం నిషేధం విధించడంతో "అథ్లెటిక్" అనే ఆంగ్లపదం 1941లో "అట్లెటికో"గా మారింది. ఇదే తరువాతి కాలపు అట్లెటికో మాడ్రిడ్. గొప్ప రక్షకుడైన వ్యక్తి శిక్షణలో రక్షణ దృఢంగా ఉండడం సహజమే కాని, ఆ విజయాలకు వైమానిక దళపు అండ కూడా తోడ్పడిందన్నది కాదనలేని విషయం.

1946లో ఆ జట్టును వదిలి, వీగో పట్టణపు సెల్తా జట్టుకు మారాడు. పెద్దగా వనరులు లేని సెల్తా 1947-48 లీగులో నాలుగవ స్థానంలో నిలిచింది. కప్పు అంతిమ పోటీకి కూడా చేరి సెవిల్లా చేతిలో 4-1తో ఓడింది. శిక్షకుడుగా జమోరా సామర్థ్యాన్ని అంచనా వేయడానికి రెండు లీగ్ విజయాలకంటె ఈ ఏడాదే మంచి ఆధారం. 1952 జూన్‌లో జాతీయ జట్టుకు రెండు పోటీలలో మాత్రమే బాధ్యత వహించాడు. ఐర్లాండ్‌పై 6-0 గెలుపు, టర్కీతో డ్రా లభించాయి. అనంతరం మరికొన్ని క్లబ్బులలోను, తాను తొలినాళ్లలో ఆడిన ఎస్పాన్యోల్‌లోను పనిచేశాడు. ఇవేవీ ముందటి ఫలితాలను అందుకోలేదు.

ఇతర విషయాలు

స్పెయిన్ తరఫున జమోరా 46 పోటీలు ఆడి 42 గోళ్లు ఇచ్చాడు. అత్యధిక పోటీలు ఆడిన స్పెయిన్ ఆటగాడిగా ఇతని రికార్డు మూడున్నర దశాబ్దాలకు పైగా నిలిచింది. దానిని దాటినవాడు కూడా గోల్‌కీపరే, బిల్బావోకు చెందిన ఇరిబార్. జమోరా సినిమాలలో కూడా కనిపించాడు. వాటిలో 1943 నాటి "కాంపియోనెస్" ఒకటి. కుమారుడు రికార్డో జమోరా దె గ్రాసా కూడా గోల్‌కీపరై స్పెయిన్ లీగులో ఆడాడు.

లీగులో ఆడిన పోటీల సగటున అతి తక్కువ గోళ్లు ఇచ్చిన కీపర్‌కు బహుమతి ఇవ్వాలని "మార్కా" అనే క్రీడా పత్రిక 1958లో నిర్ణయించి, దానికి జమోరా పేరు పెట్టింది. అప్పటికి ఇతను జీవించే ఉన్నాడు. 1999లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ చరిత్ర, గణాంకాల సమాఖ్య రూపొందించిన ఇరవయ్యవ శతాబ్దపు గోల్‌కీపర్ల జాబితాలో యాషిన్, బ్యాంక్స్, జోఫ్, మైయర్‌ల తరువాత జమోరాకు ఐదవ స్థానం దక్కింది. ఆ నలుగురూ టెలివిజన్ కాలపువారు. జమోరా ఆటను చూపే చలనచిత్ర భాగాలు కొద్దిగానే మిగిలాయి.

1978 సెప్టెంబరు 8న, 77 ఏళ్ల వయసులో, జమోరా బార్సిలోనాలో మరణించాడు.