కందకు గ్రంథస్థానము కల్పించిన వైద్యుడు

తెలుగునాట కందను ఎరుగని ఇల్లు లేదు. కందనూ కత్తిపీటనూ జతచేసి సామెత కట్టుకొన్న జాతి మనది. మువ్వగోపాలుడు వెలసిన మొవ్వ మొదలుకొని బందరు, గుడివాడ, దివిసీమలవరకు విందుభోజనములలో ఆవపెట్టిన కందబచ్చలి కూరకు నేటికిని గౌరవమున్నది. ఈ దుంపను తెలుగు పేరుతో, చిత్రముతో శాస్త్రగ్రంథమున కెక్కించినవాడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆతనికి పేరు. ఆ శాస్త్రకృషికి పునాది పడినది తెలుగుదేశముననే.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున జాన్ హోప్ అను ఆచార్యునివద్ద వృక్షశాస్త్రము నేర్చెను. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరి, 1781లో సామర్లకోటకు వచ్చెను. సిపాయిలకు మందులిచ్చుట ఆతని ఉద్యోగము. చెట్టుచేమలను పరిశీలించుట ఆతని వ్యసనము. అచ్చట తోటవేసి మిరియములు, కాఫీ, దాల్చిన మొదలగువానిని పెంచిచూచెను. 1787లో కోరంగి తీరమును ముంచిన ఉప్పెన అసంఖ్యాకులను బలిగొన్నది. ఆతడు కూర్చుకొన్న పుస్తకములు, ఎండుమొక్కలు నీటిపాలైనవి. ఆతడు నిరాశచెందక పని మరల మొదలుపెట్టెను.

అంతలో క్షామము వచ్చినది. 1789 మొదలు 1792 వరకు వానలు తప్పి ఉత్తర సర్కారులు అల్లాడిపోయినవి. కృష్ణకు విజయవాడవద్ద ఆనకట్ట 1855లో గాని పూర్తికాలేదు. అంతవరకు ఈ డెల్టా రైతుకు ఆకాశమే దిక్కు. ఆకలిచావులను కన్నులార చూచిన రాక్స్‌బర్గ్, వరి ఎండిననాడు పేదలను ఆదుకొనగల చెట్లేవియని ఆలోచించెను. కొబ్బరి, పనస, సగ్గు, సీమపనస మొదలగువానిని విరివిగా నాటింపవలెనని 1793లో సూచనలు వ్రాసెను.

దూరద్వీపముల చెట్లను కోరిన ఆతడు పెరటిదుంపను చిన్నచూపు చూడలేదు. కందసేద్యమును మన రైతులు తరతరాలుగా ఎరుగుదురు. కన్ను ఉండునట్లు దుంపను ముక్కలుగా కోసి, పేడనీట ముంచి ఆరబెట్టి, వేసవి చివర గుల్లనేలలో నాటుదురు. గొడుగువంటి ఆకు పైకిలేచి, నెలలతరబడి దుంపను పోషించి, తుదకు పసుపువారి వాలిపోవును. అదియే త్రవ్వుటకు గురుతు. వెంటనే త్రవ్వకున్నను దుంప కొంతకాలము భూమిలోనే నిలువయుండును. గాదె వట్టిపోయిననాడు అది అక్కరకు వచ్చును. గొంతు దురదపెట్టునది దానిలోని సూదులవంటి సున్నపు స్ఫటికములు. చింతపండు వేసి బాగుగా ఉడికించుట మన స్త్రీలు కనుగొన్న విరుగుడు. ఇంగ్లీషున కందకు తెలింగా పొటాటో అను పేరుండుట ఈ సీమ సేద్యమునకు దక్కిన కీర్తి.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెళ్లి, రెండు దశాబ్దములు దానిని పోషించెను. దేశీయ చిత్రకారులచే ఆతడు వ్రాయించిన మొక్కల బొమ్మలనుండి ఎన్నుకొన్న 300 చిత్రములు కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథముగా 1795 మొదలు మూడు సంపుటములలో లండనున వెలువడినవి. కంద చిత్రము మూడవ సంపుటమున చేరినది. అది అచ్చగుటకు ముందే, 1815లో, రాక్స్‌బర్గ్ ఎడింబరోలో కన్నుమూసెను.

ఆ బొమ్మలు వ్రాసిన చేతుల పేర్లు గ్రంథమున లేవు. మొక్కల గుణములు చెప్పిన రైతుల పేర్లును లేవు. కాని వారు పలికిన మొక్కల పేర్లను ఆతడు వదలక వ్రాసికొనెను. పాండిత్యమునకు వినయము తోడైనప్పుడే ఇట్టి పని సాధ్యమగును. ఆతడు కందకు పెట్టిన లాటిను నామమును తరువాతి శాస్త్రజ్ఞులు మార్చివేసిరి. రైతు పెట్టిన పేరు మాత్రము నాడును కందయే, నేడును కందయే.