వామన శివరామ ఆప్టే మహాశయులు – సంస్కృత రచనాభ్యాసము

ఆప్టే వారి నిఘంటువును చేపట్టని సంస్కృతాధ్యాపకుడు అరుదు. ఆ నిఘంటుకర్త విద్యార్థి ఎచ్చట, ఏల తప్పునో ముందుగా గుర్తించిన ఉపాధ్యాయుడు. ఆ అంశమే ఇచ్చట ప్రస్తుతము.

వీరు 1858లో కొంకణమందలి సావంతవాడి సంస్థానమున జన్మించిరి. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, కొల్హాపురమునను, పిదప పుణ్యపట్టణమందలి దక్కన్ కళాశాలయందును విద్య నభ్యసించిరి. మహాభాష్యమును పరిష్కరించిన కీల్‌హార్న్ పండితుడు అప్పు డచ్చట ఆచార్యుడు. చిప్లూంకర్, తిలక్ ప్రభృతులు 1880లో స్థాపించిన న్యూ ఇంగ్లీష్ స్కూలున ఆప్టే వారు ఉపాధ్యాయులైరి.

మరుసటి సంవత్సరమే, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, సంస్కృత రచనకు మార్గదర్శకమగు గ్రంథమును ఆంగ్లమున వెలువరించిరి. అందు శబ్దరూపములకంటె అన్వయమునకే ప్రాధాన్యము. నియమమును చెప్పుట, మహాకవుల ప్రయోగములను చూపుట, సంస్కృతవాక్యముల నిచ్చి అర్థము చెప్పించుట, ఆంగ్లవాక్యముల నిచ్చి సంస్కృతమున వ్రాయించుట — ఇది అందలి క్రమము.

ఈ క్రమము సహేతుకము. అభ్యాసము మారినచో శుద్ధియు మారును. శబ్దమంజరిని తడబడక వల్లించు బాలుడే వాక్యమును కూర్చునపుడు విభక్తి తప్పును. చదివి అర్థము చెప్పునపుడు విభక్తి ఎదుటనే యుండును. తెలియకున్నను సందర్భము గట్టెక్కించును. స్వయముగ వ్రాయునపుడు ఆ యూత యుండదు. మాతృభాషయే లోనుండి నడిపించును. మన తెలుగు విద్యార్థి పులికి భయపడెనని తలచి, పంచమి యుండవలసినచోట షష్ఠినో చతుర్థినో వ్రాయును. భృత్యునిపై కోపించెనని తలచి, చతుర్థికి బదులు సప్తమిని వాడును. కారకసూత్రములు రెండును వానికి కంఠస్థములే! పాఠశాలలో నేనును ఈ తప్పులు చేసినవాడనే. సూత్రము నోటనున్నను చేతికి రాలేదు.

అనంతరము ఆప్టే వారు 1884లో ఆంగ్ల–సంస్కృత నిఘంటువును, 1890లో సంస్కృత–ఆంగ్ల నిఘంటువును ప్రకటించిరి. 1885లో నెలకొల్పబడిన ఫెర్గూసన్ కళాశాలకు ప్రథమాధ్యక్షులై, 1892లో, ముప్పదినాలుగేండ్లకే కీర్తిశేషులైరి.

వల్లెవేయుటను నిందించుట నా యుద్దేశము కాదు. అది లేనిదే శాస్త్రము నిలువదు. కాని వల్లింపును మాత్రము పరీక్షించి విద్యార్థికి వ్యాకరణము వచ్చెననుట, రచనను మాత్రము చూచి రాలేదనుట, రెండును తొందరపాటే. ఆప్టే వారి అభ్యాసములు ఆంగ్లము నాశ్రయించినవి. తెలుగు వాక్యము సంస్కృతమునుండి తొలగు తావులను గుర్తించి, అట్టి వాక్యములను నిత్యము వ్రాయించుట మన అధ్యాపకుల విధి.