పశువైద్య పండితుడు సాల్మను చరిత్రము

మనుష్యుని పేరు లోకమున నిలుచుటకు మార్గములు పెక్కు గలవు. కొందఱి పేర విద్యాలయములును, కొందఱి పేర వీథులును వెలయుచున్నవి. ఒక రోగక్రిమికి తన పేరు తగుల్కొని, వంటయిండ్లను వైద్యశాలలను భయముతో పలుకబడుట మాత్రము మిక్కిలి స్వల్పులకే సంభవించినది. సాల్మొనెల్లా యను మాట విని, అది సాల్మన్ అను చేపనుండి వచ్చినదని తలచు విద్యార్థులు మన తరగతులలోనే యున్నారు. ఆ పేరునకును చేపకును సంబంధము లేదు. అది డేనియల్ ఎల్మర్ సాల్మను అను అమెరికా దేశపు పశువైద్యుని యింటిపేరు. మత్తయి సువార్తలోని వంశావళియందు మనము శల్మాను అని చదువు నామము సహితము ఇంగ్లీషున ఆ యక్షరములతోనే వ్రాయబడును.

సాల్మను 1850వ సంవత్సరము జూలై 23వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి మౌంట్ ఆలివ్ అను చోట జన్మించెను. పసితనముననే తండ్రియు, ఎనిమిదవ యేట తల్లియు గతించిరి. దూరపు బంధువొకడు చేరదీసి పెంచెను. బాలుడు ఆతని పొలములో పనిచేయుచు, పల్లెటూరి యంగడిలో గుమాస్తాగా నుండుచు చదువుకొనెను. 1868లో కార్నెల్ విశ్వవిద్యాలయము తెఱువబడగా, మొదటి జట్టు విద్యార్థులలో నీతడొకడు. అచ్చట జేమ్స్ లా అను స్కాట్లండు దేశీయుడు పశువైద్యము బోధించుచుండెను. ఆ గురువు చలువచే సాల్మను ఫ్రాన్సులోని ఆల్ఫోర్ పాఠశాలకును వెళ్లి కొంతకాలము చదివి, 1872లో పట్టము పొందెను. 1876లో పశువైద్యమున డాక్టరు బిరుదమందెను. అమెరికాలో ఆ బిరుదమును పొందినవారిలో నీతడే ప్రథముడు.

ఆ దినములలో పశువైద్యుడనగా గుఱ్ఱములకు మందుపూయువాడని యెంచి పెద్దలు చిన్నచూపు చూచుచుండిరి. ఆవులకు ఊపిరితిత్తుల తెగులును, పందులకు విశూచియు తగిలి లక్షలకొలది చచ్చుచుండ, రైతులు దిక్కుతోచకుండిరి. 1884లో అమెరికా ప్రభుత్వమువారు పశుసంరక్షణ కార్యాలయమును స్థాపించి సాల్మనును దాని మొదటి యధికారిగా నియమించిరి. ఆయన ఆ యుద్యోగమున ఇరువదియొక్క సంవత్సరములుండెను. తెగులు తగిలిన మందలను వేఱుచేసి, చంపవలసినవానిని చంపించి, సొమ్ము గలవారికి పరిహారమిప్పించి, 1892 నాటికి ఊపిరితిత్తుల తెగులును ఆ దేశమునుండి నిర్మూలము గావించెను. పశువులను పోగొట్టుకొన్న రైతుల దూషణలు ఆయన చెవికి చేరకపోలేదు.

ఆయనక్రింద పనిచేసినవారిలో థియొబాల్డ్ స్మిత్ అను యువకవైద్యుడు ముఖ్యుడు. టెక్సాసు జ్వరమును పశువునుండి పశువునకు పిడుదులు చేర్చుచున్నవని ఆయన సహచరులతో గూడి పరిశోధించి 1893లో ప్రకటించెను. మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినది 1897లో. అనగా అంతకు నాలుగేండ్లు ముందుగానే పురుగు జ్వరమును మోయగలదని తెలియవచ్చెనన్నమాట.

ఆ స్మిత్తే 1885లో విశూచిచే చచ్చిన పందుల శరీరములనుండి యొక కొత్త క్రిమిని వేఱుచేసెను. ఆ సంగతిని ప్రకటించిన వ్రాతపై మాత్రము సాల్మను పేరు ముందుగా నుండెను. పై యధికారి పేరు ముందుంచుట ఆనాటి యాచారమే గావచ్చును. కాని, రేయింబవళ్లు సూక్ష్మదర్శినిపై కన్నుంచినవాడు వెనుకబడుట నా బుద్ధికి న్యాయముగా తోపదు. 1900లో లిన్యేర్ అను ఫ్రెంచి పండితుడు ఆ జాతి క్రిములకు పేరు పెట్టబూని, అధికారి పేరుననే సాల్మొనెల్లా యనెను. స్మిత్తునకు వేఱు విధముల కీర్తి రాకపోలేదు గాని, ఈ క్రిమి మాత్రమాతని చేయి జాఱిపోయెను. పిమ్మట 1903లో సాల్మను కార్యాలయమువారే మఱియొక వింతను కనుగొనిరి. ఎట్టి క్రిమియు దూరలేని జల్లెడలో వడగట్టిన రక్తముసైతము పందులకు విశూచిని కలిగించెను. కాన ఆ తెగులునకు మూలము కంటికి కానరాని వైరసు గాని, సాల్మొనెల్లా గాదని తేలెను.

మాంసపరీక్ష విషయమున సాల్మను చేసిన పని విపులముగా చెప్పదగినది. అమెరికా పందిమాంసములో ట్రికినా యను సన్నని పురుగు గలదని, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్సు దేశములు 1880 ప్రాంతమున దానిని తమ రేవులలో దిగనీయక నిషేధించెను. కోట్లకొలది డాలర్ల వ్యాపారము నిలిచిపోయెను. ఆ యడ్డగింపు ఆరోగ్యముకొఱకా, తమ రైతుల లాభముకొఱకా యని వాదములు చెలరేగెను. సాల్మను వాదములతో పనిలేక, 1891 చట్టమును ఆధారముచేసికొని కబేళాలలో సూక్ష్మదర్శినులను నిలిపించెను. పరదేశమునకు పోవలసిన పందిమాంసపు తునకలను అద్దముల నడుమ నొక్కి, జీతమునకు కుదిరిన స్త్రీలు దినమెల్ల కూర్చుండి చూచుచుండిరి. పురుగులేని మాంసమునకే ముద్రపడెను. ఆ యేడే జర్మనీ తన నిషేధమును తొలగించుకొనెను. దూరదేశపు మాంసమును నమ్మవలెనన్న పరీక్షయే సాక్షి యను పద్ధతి యట్లు బలపడెను.

కాని యా పరీక్షకు చిక్కినది పురుగు మాత్రమే. 1888లోనే జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌజెన్ అను చోట రోగముతోనున్న యావును కోసి తినిన పలువురు వాంతి విరేచనములపాలైరి. ఒకడు మరణించెను. గేర్ట్నర్ అను పండితుడు ఆ మాంసమునుండియు, మృతుని శరీరమునుండియు నొకే క్రిమిని పైకి తీసెను. అది సాల్మొనెల్లా జాతిలోనిదే. ఇట్టి మాంసము రంగు మాఱదు, దుర్వాసన వేయదు. ముద్ర వేయువాని కన్ను దానిని పట్టజాలదు.

1905లో సాల్మను జీవితమున కష్టకాలము వచ్చెను. మాంసపు పెట్టెలకంటించు ప్రభుత్వపు చీటీలను అచ్చువేయు వ్యాపారమున ఆయనకు పూర్వము భాగముండెనని పత్రికలు ఘోషించెను. విచారణ జరిగెను. వ్యవసాయమంత్రి ఆయనను నిర్దోషిగా నెంచెను. అయినను పరీక్షాధికారికి ముద్రల వ్యాపారముతో పొత్తు తగదను మాట నిలిచిపోగా, ఆయన పదవిని వదలుకొనెను. మఱుసటి యేడు చికాగో కబేళాలను వర్ణించిన యొక నవల దేశమును కలతపఱచి కొత్త మాంసపరీక్షా చట్టము వచ్చునప్పటికి, ఆయన దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమునకు వెళ్లి మాంటెవిడియో నగరమున పశువైద్య విద్యను స్థాపించుచుండెను. అచ్చట ఐదేండ్లు పనిచేసి స్వదేశమునకు తిరిగివచ్చెను. తుదకు మాంటానా రాష్ట్రములోని బ్యూటు పట్టణమున పందుల విశూచికి మందుగా వాడు సీరమును తయారుచేయు శాలను నడపెను. తాను మొదట పొరబడిన తెగులునకే కడపట మందు కూర్చుచు, 1914 ఆగస్టు 30వ తేదీన న్యుమోనియాచే మృతినొందెను.

నేడు మాంసపరీక్ష కన్నులతో ముగియదు. ఇరువదియైదు గ్రాముల మాంసమును పోషకద్రవములో వేసి ముప్పదియేడు డిగ్రీల వెచ్చదనమున ఇంచుమించు పదునెనిమిది గంటలుంతురు. అటుపై ఇతర క్రిములను అణచు ద్రవములో పెంచి, ఎఱ్ఱని అగరుపై పూయుదురు. సాల్మొనెల్లా యున్నచో నల్లని నడిమిచుక్కలు గల గుంపులు ప్రాయికముగా పొడచూపును. ఆవు, పంది, కోడి మాంసములే గాక, నిప్పుకోడి, మొసలి మాంసములును ఇప్పుడు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచున్నవి. మొసలి మొదలగు సరీసృపముల ప్రేవులలో ఈ క్రిమి వానికి ఏ బాధయు కలిగింపకయే కాపురముండుటచే, వాని మాంసమును పరీక్షించుట మఱింత యవశ్యకమైనది. బాగుగా ఉడికించిన మాంసములో నది బ్రతుకదు.

ఈ జాతిలో రెండువేల యైదువందలకు పైగా రకములు కనుగొనబడినవి. వానిలో పెక్కింటికి ఊళ్లపేర్లే పెట్టిరి. ఒకదాని పేరు మాంటెవిడియో.