తన కంటిలోకి తానే తొంగి చూసిన రామన్

సర్ సి.వి.రామన్ అనగానే నోబెల్ గుర్తొస్తుంది. డెబ్బై దాటాక బెంగళూరులో కూర్చుని, కంటి వెనకాల ఏం జరుగుతోందని తవ్విపోసిన రామన్ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఆయన 1888లో తిరుచిరాపల్లిలో పుట్టారు. ఇంట్లో తమిళం. తండ్రికి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో చదువు విశాఖలో మొదలైంది. పదకొండో ఏటే మెట్రిక్ గట్టెక్కారు. పేరొచ్చింది కలకత్తాలో, స్థిరపడింది బెంగళూరులో. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న బీదర్ వాళ్లకు ఇలాంటి లెక్క కొత్తేం కాదు.

1930లో నోబెల్, 1948లో సొంత పరిశోధన సంస్థ. అక్కడే, ముసలితనంలో, రంగును కన్ను ఎలా పడుతుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. పెద్ద మిషన్లేమీ లేవు. బాగా వెలుగు పడిన తెల్లటి తెర, కంటికి అడ్డంగా ఒక రంగు ఫిల్టరు. కాసేపు చూసి దాన్ని టక్కున తీసేస్తే, తెర మీద తన రెటీనా బొమ్మే పెద్దదిగా కనిపిస్తుందన్నది ఆయన మాట. ఇదంతా 1968లో 'ది ఫిజియాలజీ ఆఫ్ విజన్' అనే పుస్తకమైంది.

గొడవ ఇక్కడే. మూడు రకాల కణాలతోనే రంగులన్నీ తెలుస్తాయన్న పాత సిద్ధాంతాన్ని ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. అప్పటికే 1964లో అమెరికాలో కోన్ కణాలను ఒక్కొక్కటిగా కొలిచి, మూడు రకాలున్నాయని తేల్చేశారు. రెటీనాలో విటమిన్ ఏ ఉందని కనిపెట్టిన జార్జ్ వాల్డ్ 1967లో నోబెల్ పంచుకున్నారు. అయినా రామన్ తగ్గలేదు. శాస్త్రవేత్తలూ ఆయన వాదనను ఒప్పుకోలేదు. 1970 నవంబరు 21న కన్నుమూశారు.

1986లో ఆ మూడు రకాల జన్యువులూ దొరికాయి. రామన్ జవాబు తప్పేనని మరోసారి రుజువైంది. ప్రశ్న మాత్రం తప్పు కాదు. వెలుతురు పడితే బతికున్న కంటిలో ఏం మారుతుంది? ఇప్పుడు దాన్ని జన్యువులతో చూస్తున్నారు. కప్ప పిల్లల కంట్లోని ప్రోటీన్‌కు మిణుకుమనే మరో ప్రోటీన్ తగిలించి, అది ఎటు పోతోందో మైక్రోస్కోపులో వెంటాడతారు. కావాలన్నప్పుడే ఆ జన్యువు పనిచేసేలా స్విచ్ కూడా పెడతారు. గట్టి వెలుతురు పడితే అరెస్టిన్ అనే ప్రోటీన్ రాడ్ కణంలో కాంతిని పట్టే కొసకు చేరుతుంది, ట్రాన్స్‌డ్యూసిన్ అక్కడి నుంచి జారుకుంటుంది. చీకటైతే మళ్లీ ఎక్కడివక్కడికే.

రంగు ఫిల్టరు ఒక్కటే చేతిలో ఉన్న మనిషికి ఇవి కనబడే దారి లేదు. ఆయన్ని దహనం చేసింది ఆ సంస్థ తోటలోనే. ఆ చోట ఒక చెట్టు నాటారు.