గొంతులు విన్న రచయిత్రి

కూర్మన్నపాలెంలో మా ఇంట్లోనే మా అత్త ఉంటుంది, నాన్నకి చెల్లెలు. గదిలో ఎవరూ లేకపోయినా ఎవరికో జవాబు చెబుతూ ఉంటుంది. గాలి సోకిందని ఒకప్పుడు తాయెత్తులు కట్టించారు, తర్వాత మాత్రలు మొదలయ్యాయి. చిన్నప్పుడు నేనూ మా కజిన్సూ ఆమెని చూసి నవ్వేవాళ్ళం. ఈ సెలవుల్లో వర్జీనియా వుల్ఫ్ జీవితం చదువుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. అందుకే ఈసారి ఆమె గురించి రాస్తున్నాను. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.

నవీన్ గారి ‘అంపశయ్య’ చదివినవాళ్ళకి చైతన్య స్రవంతి అనే మాట తెలుసు. మనసులో ఆలోచనలు ఎలా వస్తే అలానే కథ నడపడం. ఇంగ్లీషులో ఆ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో వుల్ఫ్ ఒకరు.

ఆమె 1882 జనవరి 25న లండన్‌లో పుట్టింది. తండ్రి లెస్లీ స్టీఫెన్ పేరున్న పండితుడు. తల్లి జూలియా పుట్టింది మన కలకత్తాలో. ఇద్దరికీ అది రెండో పెళ్ళి కాబట్టి ఇంట్లో మొత్తం ఎనిమిది మంది పిల్లలు. తల్లి మొదటి పెళ్ళి కొడుకులు జార్జ్, జెరాల్డ్ డక్‌వర్త్ ఆమె కంటే చాలా పెద్దవాళ్ళు. వర్జీనియా బాగా చిన్నపిల్లగా ఉన్నప్పుడే జెరాల్డ్ ఆమెతో తప్పుగా ప్రవర్తించాడు. కొన్నేళ్ళ తర్వాత జార్జ్ కూడా అంతే. అద్దంలో ముఖం చూసుకోవడానికి కూడా తనకి ఎందుకంత సిగ్గో వెతుక్కుంటూ, దాదాపు అరవయ్యో ఏట ఆమె ఈ సంగతి రాసుకుంది.

1895లో తల్లి చనిపోయింది. వర్జీనియాకి 13 ఏళ్ళు. ఆ ఏడాదే మొదటిసారి మనసు దెబ్బతింది. తల్లిలా చూసుకున్న అక్క స్టెల్లా 1897లో, పెళ్ళయిన మూడు నెలలకే పోయింది. 1904లో తండ్రి కూడా పోయాక జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి మరీ గట్టిగా. పక్షులు గ్రీకు భాషలో పాడుతున్నట్టు, రాజుగారు పూలపొదల్లో దాక్కుని బూతులు తిడుతున్నట్టు వినిపించేది. రెండేళ్ళకి అన్న థోబీ టైఫాయిడ్‌తో పోయాడు.

అప్పటి డాక్టర్లకి తెలిసిన వైద్యం ఒకటే: పడుకోబెట్టడం, పాలు తాగించడం, చదవొద్దు రాయొద్దు అనడం. రాయడమే ప్రాణమైన మనిషికి అది జైలు. 1912లో ఆమె లియొనార్డ్ వుల్ఫ్‌ని పెళ్ళి చేసుకుంది. తర్వాతి మూడేళ్ళలో జబ్బు తీవ్రంగా తిరగబెట్టింది. ఆయన ఓపిగ్గా కనిపెట్టుకుని ఉన్నాడు.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. ఆమె మొదటి రెండు నవలలు అచ్చువేసింది జెరాల్డ్ డక్‌వర్త్ కంపెనీయే. చిన్నప్పుడు తనని బాధపెట్టిన మనిషి చేతికే తన రాతప్రతి ఇవ్వాలి! 1917లో భార్యాభర్తలు ఒక చిన్న చేతి ప్రెస్ కొని ఇంట్లో భోజనాల గదిలో పెట్టారు. ఒక్కో అక్షరం ఏరి పేర్చే పని ఆమె మనసుకి కుదురునిస్తుందని లియొనార్డ్ ఆశ. అదే హోగార్త్ ప్రెస్ అయింది. 1922 నుంచి ఆమె నవలలు అక్కడే వచ్చాయి. ఇక జెరాల్డ్ గడప తొక్కే పని లేదు.

1925 నాటి ‘మిసెస్ డాలోవే’లో యుద్ధం నుంచి వచ్చిన సెప్టిమస్ అనే సైనికుడికి చచ్చిపోయిన స్నేహితుడు కనిపిస్తాడు, పక్షులు గ్రీకులో పాడతాయి. తను విన్నదే అతనికిచ్చింది. 1927లో ‘టు ది లైట్‌హౌస్’లో అమ్మానాన్నల్ని రాశాక, అన్నేళ్ళుగా మనసులో వినిపిస్తూ వచ్చిన అమ్మ గొంతు ఆగిందని చెప్పుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ ఇళ్ళు బాంబులకి పోయాయి. గొంతులు మళ్ళీ మొదలయ్యాయి. 1941 మార్చి 28న, 59వ ఏట ఆమె ప్రాణం తీసుకుంది.

బాల్యమే ఆమె జబ్బుకి కారణమా? అంత సింపుల్ కాదు. వాళ్ళ వంశంలో మానసిక జబ్బులున్నాయి. ఆమెది బైపోలార్ అని తర్వాతి డాక్టర్లు చాలామంది అనుకున్నారు. కానీ 2012లో 36 పరిశోధనల్ని కలిపి చూస్తే, చిన్నప్పుడు హింస, నిర్లక్ష్యం, తల్లిదండ్రుల మరణం లాంటివి చూసినవాళ్ళలో సైకోసిస్ వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. అలాంటివి పడ్డ ప్రతివాళ్ళకీ జబ్బు రాదు. జబ్బున్న ప్రతివాళ్ళ వెనకా అదే కథ ఉండదు. కానీ నీకేమైందని అడగడానికి ఇది చాలు కదా?

మా అత్తకి ఎనిమిదో ఏట వాళ్ళమ్మ పోతే చుట్టాలింట్లో పెరిగింది. ఆ ఇంటి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మొన్న డాబా మీద బట్టలు తీస్తుంటే పక్కన కూర్చుని, అక్కడ ఎలా ఉండేదని అడిగాను. ముందు కిటికీ మూసి రమ్మంది. వచ్చాక అరగంట మాట్లాడింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది ఆమెది. మాత్రలు మానలేదు, గొంతులు పోలేదు. కానీ ఇప్పుడు సాయంత్రం నేను కాలేజీ నుంచి రాగానే టీ ఇచ్చి, కూర్చోమంటుంది.

మీ ఇంట్లోనో హాస్టల్లోనో ఇలాంటివాళ్ళుంటే, లేదా అది మీరే అయితే, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. నవ్వకుండా వినేవాళ్ళు ఒక్కరున్నా తేడా ఉంటుంది.