జాన్ టి. పార్సన్స్

జాన్ టి. పార్సన్స్ (అక్టోబరు 11, 1913 - ఏప్రిల్ 18, 2007) అమెరికాకు చెందిన ఆవిష్కర్త. మెషిన్ టూల్స్‌ను అంకెలతో నడిపే సంఖ్యా నియంత్రణకు, అంటే నేటి సి.ఎన్.సి. యంత్రాలకు, ఆద్యుడుగా ప్రసిద్ధుడు. డెట్రాయిట్‌లో జన్మించాడు. కళాశాల చదువు లేదు. తండ్రి కర్మాగారంలోనే పని నేర్చుకున్నాడు.

1940వ దశకంలో హెలికాప్టరు రెక్కలు తయారుచేస్తూ, ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్‌తో కలసి, రెక్క వంపుపై బిందువులను పంచ్‌కార్డుల యంత్రంతో లెక్కకట్టించాడు. పనివారు ఆ అంకెలను చదువుతూ చేతితో చక్రాలు తిప్పి లోహాన్ని కోసేవారు. ఆ చక్రాలను మోటార్లే తిప్పాలన్నది పార్సన్స్ ఆలోచన. అయితే ఆదేశం ఇచ్చినంత మాత్రాన యంత్రపు బల్ల సరిగ్గా అంతే కదులుతుందన్న నమ్మకం లేదు. కోత ఒత్తిడికి అది వెనుకబడవచ్చు. అందువలన, 1949లో అమెరికా వైమానిక దళం కాంట్రాక్టు లభించాక, ఎం.ఐ.టి.లోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాలను ఆశ్రయించాడు.

1952లో ఆ ప్రయోగశాల ప్రదర్శించిన మిల్లింగు యంత్రం బల్ల వాస్తవ స్థానాన్ని కొలిచి, ఆదేశంతో పోల్చి, తేడా ఉన్నంతవరకు కదలికను సరిదిద్దేది. దీనినే ఫీడ్‌బ్యాక్ అంటారు. నేటి సర్వో మోటార్లకు ఆ కొలతను ఎన్‌కోడరు అందిస్తుంది. కానీ అప్పటికే పథకం ఎం.ఐ.టి. చేతిలోకి వెళ్ళి, పార్సన్స్ దానికి దూరమయ్యాడు. పేటెంటు మాత్రం 1958లో ఆయనకు, స్టూలెన్‌కు దక్కింది. 1985లో ఇద్దరికీ అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించింది.