మేయరు కాలేకపోయిన హెన్రీ జార్జి

ఎన్నికల్లో గెలిచినవాడి పేరే నిలుస్తుందని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి అడ్డం తిరిగే ఎన్నిక ఒకటుంది. 1886 నవంబరు 2న న్యూయార్కు నగర మేయరు పదవికి ముగ్గురు ప్రముఖులు పోటీ పడ్డారు. గెలిచినాయన పేరు చెప్పమంటే చరిత్రలో ఎమ్మే చేసినవాళ్లు కూడా కాసేపు తల గోక్కుంటారు. మూడో స్థానంలో మిగిలిన ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు థియోడర్ రూజ్‌వెల్ట్. 1901లో అమెరికా అధ్యక్షుడయ్యాడు గనక ఆయన్ని అందరం ఎరుగుదుం. ఇక రెండో స్థానంలో వచ్చినాయన ఉన్నాడే, ఆయన గురించే ఈ వ్యాసం. ఆయన జన్మలో ఒక్క ఎన్నికా గెలవలేదు. బడి చదువు పద్నాలుగేళ్లు నిండకముందే ఆగిపోయింది. అయినా ఆయన రాసిన అర్థశాస్త్ర గ్రంథాన్ని కూలివాళ్లు చదివారు, టాల్‌స్టాయ్ చదివి తలకెత్తుకున్నాడు. ఆయన పేరు హెన్రీ జార్జి.

జార్జి 1839 సెప్టెంబరు 2న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో పదిమంది పిల్లలు. వాళ్లలో రెండోవాడు జార్జి. బడి మానేసి చిన్నా చితకా పనులు చేసి, 1855లో పదిహేనేళ్ల వయసులో ఓడెక్కాడు. ఆ ఓడ పేరు హిందూ! అది మెల్‌బోర్న్ మీదుగా మన కలకత్తాకే వచ్చింది. బంగారం దొరుకుతోందని లోకమంతా పరుగెత్తిన ఆస్ట్రేలియాలో పనిలేక తిరిగే జనాన్ని చూశాడు. కలకత్తాలో ఒకవైపు దొరల భవంతులు, ఇంకోవైపు హుగ్లీ నదిలో కొట్టుకుపోతున్న శవాలు. సిరిసంపదల పక్కనే ఇంత దరిద్రం ఎందుకుంటుంది అన్న ప్రశ్న అప్పుడే పుట్టిందని చెప్పలేం గాని, ఆ దృశ్యాలు మాత్రం ఆయన మనసులోంచి చెరిగిపోలేదు.

ఇంటికి తిరిగొచ్చి ప్రెస్సులో కంపోజింగు నేర్చుకున్నాడు. చేతిలో ఆ పని పెట్టుకుని 1858లో కాలిఫోర్నియా చేరాడు. బంగారం వేటకు వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చాడు. 1861లో ఆనీ ఫాక్స్ అనే అనాథ పిల్లను పెళ్లి చేసుకున్నప్పుడు ఆయన జేబులో ఉన్నది ఒకే ఒక్క నాణెం, ఒంటి మీద ఉన్నది ఎరువు తెచ్చుకున్న సూటు. 1865 జనవరిలో రెండో కొడుకు పుట్టిన రోజున ఇంట్లో తినడానికేమీ లేదు. వీధిలోకి వెళ్లి, డబ్బున్నవాడిలా కనిపించిన ఒక అపరిచితుణ్ణి ఆపి అయిదు డాలర్లు అడిగాడు. ఆయన ఇచ్చాడు. ఇవ్వకపోతే ఆ క్షణంలో మనిషిని చంపడానికైనా సిద్ధపడేవాణ్ణని జార్జి తరవాత దాచుకోకుండా ఒప్పుకున్నాడు. దరిద్రం మీద పుస్తకాలు రాసినవాళ్లు బోలెడుమంది. ఆ దరిద్రాన్ని ఇంత దగ్గర్నించి చూసి రాసినవాళ్లు తక్కువ.

అదే ఏడాది లింకన్ హత్య జరిగింది. తాను కంపోజిటరుగా పనిచేస్తున్న పత్రిక ఎడిటరు పెట్టెలో జార్జి ఓ వ్యాసం పడేసి వచ్చాడు. అది అచ్చయింది. అలా అచ్చులు పేర్చే చెయ్యి కలం పట్టింది.

పత్రిక పని మీద 1869లో న్యూయార్కు వెళ్లినప్పుడు పాత ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఇంత పెద్ద నగరం, ఇంత సంపద, దాని పక్కనే ఇంత ఆకలి! కొత్తగా జనం చేరుతున్న కాలిఫోర్నియాలో లేని దరిద్రం, యంత్రాలూ రైళ్లూ అన్నీ ఉన్న న్యూయార్కులో ఎందుకుంది? జవాబు మరుసటి ఏడు ఓక్లండ్ దగ్గర కొండల్లో దొరికింది. గుర్రమ్మీద వెళ్తూ, అక్కడ భూమి ధరెంతని ఒక బండివాణ్ణి మాటవరసకి అడిగాడు. దూరంగా ఆవులు మేస్తున్న చోటు చూపించి ఎకరం వెయ్యి డాలర్లన్నాడు బండివాడు. జార్జికి కళ్లు తెరుచుకున్నాయి. ఆ నేలని ఎవరూ దున్నలేదు, ఓ గోడైనా కట్టలేదు. రైలు వస్తుందని, జనం పెరుగుతారని దానికి ధర వచ్చింది. జనం పెరిగిన కొద్దీ నేలగలవాడు కూర్చున్నచోటే లక్షాధికారి అవుతాడు. నేల లేనివాడు ఆ నేల మీద బతికే హక్కు కోసం వాడికి చెల్లించుకోవాలి.

ఇందులో మనకి అర్థం కానిదేముంది? ఊరి శివార్లలో పిచ్చి మొక్కలు మొలిచిన జాగా పక్కన రోడ్డు పడుతుందని పుకారు లేస్తే చాలు, రాత్రికి రాత్రే గజం ధర రెట్టింపవుతుంది. రోడ్డు వేసేది ప్రజల డబ్బుతో, లాభం మాత్రం జాగా యజమానిది. జార్జి చెప్పింది ఇదే. సమాజం వల్ల పుట్టిన ఆ విలువని పన్ను రూపంలో సమాజమే తీసుకోవాలి. మనిషి కష్టం మీద, వాడు కట్టుకున్న ఇంటి మీద, చేసుకునే వ్యాపారం మీద వేసే పన్నులన్నీ ఎత్తెయ్యాలి. భూమిని లాక్కోనక్కర్లేదు, భూమి అద్దె విలువని తీసుకుంటే సరిపోతుందన్నాడు.

ఇదంతా ఒక పుస్తకంగా రాయడానికి 1877 నుంచి 1879 దాకా పట్టింది. దాని పేరు 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ', అంటే ప్రగతీ దారిద్ర్యమూ. పబ్లిషర్లు సొంత ఖర్చుతో వెయ్యడానికి ఒప్పుకోలేదు. దాంతో ఓ మిత్రుడి ప్రెస్సులో ఆ పుస్తకానికి మొదటి అక్షరాలు జార్జి తన చేత్తోనే కంపోజ్ చేసుకున్నాడు. మొదట అచ్చయినవి 500 కాపీలు. కొన్నేళ్లలో అది అనేక భాషల్లోకి వెళ్లింది. రచయిత 1880లో న్యూయార్కుకి కాపురం మార్చాడు. ఐర్లండు రైతుల భూమి పోరాటాన్ని రిపోర్టు చెయ్యడానికి వెళ్లి 1882లో అక్కడ అరెస్టు కూడా అయ్యాడు.

ఇక 1886 సంగతి. అప్పటి న్యూయార్కు రాజకీయాలు టామనీ హాలు అనే డెమొక్రాటిక్ ముఠా చేతిలో ఉండేవి. బ్రాడ్‌వే మీద ట్రాం లైను లైసెన్సుకి నగర సభ్యులు లంచాలు మేసిన వ్యవహారం బయటపడింది. ఒక హాలుని బాయ్‌కాట్ చేసిన నేరానికి యూనియన్ కార్మికుల్ని జైల్లో వేశారు. కార్మిక సంఘాలకి ఒళ్లు మండింది. సొంత అభ్యర్థిని నిలబెడదామని జార్జి దగ్గరకొచ్చాయి. ఆయన వెంటనే ఊఁ అనలేదు. నాకు ఓటేస్తామని 30,000 మంది సంతకాలు చేసి తెస్తే నిలబడతానన్నాడు. 34,000 సంతకాలు వచ్చాయి. ఈలోగా టామనీ పక్షాన ఒకాయన వచ్చి, తప్పుకుంటే కాంగ్రెసు సీటు ఇప్పిస్తామని బేరం పెట్టినట్లు జార్జి తరవాత చెప్పాడు. ఎలాగూ గెలవరు, నిలబడితే ఊరు అల్లకల్లోలమవుతుందన్నాడట ఆ పెద్దమనిషి. పదవి బరువు తనకీ అక్కర్లేదనీ, ఆ అల్లకల్లోలమే కావాలనీ జార్జి జవాబు చెప్పాడట.

అన్నట్టే అయింది. డబ్బు లేదు, పెద్ద పత్రికలన్నీ ఎదురు. బండి వెనకవైపు నిలబడి వీధి మూలల్లో మాట్లాడాడు. రోజుకి ఎన్ని సభలో లెక్కలేదు. మెక్‌గ్లిన్ అనే కేథలిక్ ఫాదరు ఆర్చిబిషప్పు మాట కాదని ఆయన తరఫున ప్రచారం చేసి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పోలింగుకు ముందు శనివారం వర్షంలో తడుస్తూ వేలాది కార్మికులు ఊరేగారు. భయపడ్డ టామనీ వాళ్లు ఏబ్రం హ్యూవిట్ అనే ఇనప కర్మాగారాల యజమానిని, పరువుగల పెద్దమనిషిని, నిలబెట్టారు. జార్జి బహిరంగ చర్చకు రమ్మంటే ఆయన రాలేదు.

ఫలితం: హ్యూవిట్‌కి 90,552, జార్జికి 68,110, రూజ్‌వెల్ట్‌కి 60,435. ఓట్లు దొంగిలించారని జార్జి మనుషులు ఆరోపించారు. రుజువు కాలేదు. కాని ఆ రోజుల్లో బాలెట్ కాగితాలు పార్టీలే అచ్చువేసి పంచేవి. ఎవడు ఏ కాగితం వేస్తున్నాడో పక్కవాడికి తెలిసేది. ప్రభుత్వమే అచ్చు వేయించి రహస్యంగా ఓటు వేయించే ఆస్ట్రేలియా పద్ధతి కావాలని జార్జి 1871 నుంచీ రాస్తున్నాడు. ఆ ఎన్నిక తరవాత నాలుగేళ్లలోపే న్యూయార్కు రాష్ట్రం ఆ దారి పట్టక తప్పలేదు.

జార్జిని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. మనుషులందరికీ భూమి మీద సమాన హక్కన్నవాడు చైనా కూలీలు అమెరికా రాకూడదని 1869లో రాశాడు. ఆ మంకుపట్టు తరవాతా వదల్లేదు. చికాగో హేమార్కెట్ కేసులో మరణశిక్ష పడ్డవాళ్ల నేరాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తరవాత శంకించడానికి వీల్లేదని 1887లో తన పత్రికలో రాశాడు. సోషలిస్టుల్ని పార్టీలోంచి పంపించేశాడు. ఏడాది తిరిగేసరికి ఇంకో ఎన్నికలో నగరంలో ఆయన ఓట్లు దాదాపు సగానికి పడిపోయాయి. తోటివాళ్లు దూరమైతే ఎంత గొప్ప సిద్ధాంతమైనా ఒంటరిదైపోతుంది.

1890లో పక్షవాతం వచ్చింది. కోలుకున్నాడు గాని మునుపటి మనిషి కాదు. 1897లో చుట్టుపక్కల ప్రాంతాలు కలిసి ఏర్పడుతున్న మహా న్యూయార్కుకి మొదటి మేయరు ఎన్నిక వచ్చింది. మళ్లీ నిలబడమన్నారు. పెద్ద కూతురు పోయి ఆరు నెలలు కాలేదు. రాస్తున్న పెద్ద గ్రంథం సగంలో ఉంది. ప్రచారం చేస్తే ప్రాణం పోవచ్చని డాక్టరు స్నేహితుడు చెప్పాడు. ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదుగా అని జార్జి ఒప్పుకున్నాడు. భార్య కూడా అడ్డు చెప్పలేదు. అక్టోబరు 28 రాత్రి నాలుగు సభల్లో మాట్లాడాడు. ఒక సభలో ఆయన్ని కార్మికుల మిత్రుడని పరిచయం చేస్తే, తాను కార్మికులకు ప్రత్యేక హక్కులడగడం లేదనీ, మనుషులందరి సమాన హక్కుల కోసమే నిలబడ్డాననీ దిద్దాడు. తెల్లవారేసరికి ఆయన లేడు. పోలింగు ఇంకా నాలుగు రోజులుంది. ఆయన వయసు 58.

ఆయన బదులు కొడుకుని నిలబెట్టారు. టామనీ అభ్యర్థి వాన్ విక్ సునాయాసంగా గెలిచాడు. కాని అంతకుముందు ఆదివారంనాడు లక్ష మందికి పైగా జనం బారులు తీరి జార్జి శవాన్ని చూసి వెళ్లారు. ఫాదర్ మెక్‌గ్లిన్ మాట్లాడాడు. ఏ మేయరుకీ దక్కని వీడ్కోలు అది.

చివరగా ఒక సంగతి. ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ జార్జి సిద్ధాంతాన్ని అందరికీ అర్థమయ్యేలా చెబుదామని ఒక ఆట తయారుచేసి 1904లో పేటెంటు పొందింది. నేల కొన్నవాడు అద్దెలు గుంజి ఎలా బలుస్తాడో, మిగతావాళ్లు ఎలా దివాలా తీస్తారో చూపించడం దాని ఉద్దేశం. అదే చేతులు మారి మోనోపలీ అయింది. మనం సెలవుల్లో ఆడుకునే బిజినెస్ ఆట దాని కూతురే. కాకపోతే పాఠం పోయింది, అద్దెలు వసూలు చేసే సరదా మిగిలింది. ఈసారి ఆ అట్ట పరిచి కూర్చున్నప్పుడు, చేతిలో డబ్బంతా అయిపోయి ఆట నుంచి లేచిపోయే మిత్రుణ్ణి ఒక్కసారి చూడండి. జార్జి జీవితమంతా అడిగిన ప్రశ్న వాడి గురించే.